ఫియస్టా ర్యాలీ3 రివ్యూ: జూనియర్ సీజన్‌కి ఈ కారు ఎంతవరకు పనికొస్తుంది

అంకెలు చూస్తే ఫోర్డ్ ఫియస్టా ర్యాలీ3 కారు ఎందుకు తీసుకోవాలో అర్థం కాదు. ర్యాలీ కార్ల ఐదు తరగతుల్లో ర్యాలీ1 అన్నిటికంటే పైది, ర్యాలీ5 అన్నిటికంటే కిందిది. ఒక మెట్టు కిందున్న, ముందు చక్రాలకే పవర్ ఉన్న ర్యాలీ4 కారు కనీస బరువు 1080 కిలోలు. ప్రపంచ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనల ప్రకారం దానిలో ఒక్కో హార్స్‌పవర్ వంతుకి 5.1 కిలోలు వస్తాయి. ర్యాలీ3 కనీస బరువు 1210 కిలోలు, హార్స్‌పవర్ వంతుకి 5.6 కిలోలు. అంటే డబ్బు ఎక్కువ పోసి, పై తరగతికి వెళ్లి, బరువుకి తగ్గ బలం లేని కారు ఎక్కుతున్నట్టు. పొడి తారు రోడ్డు మీద ఈ తేడా నిజంగానే తెలుస్తుంది, మంచి ర్యాలీ4 డ్రైవర్ బాగా దగ్గరికొచ్చేస్తాడు. మట్టి రోడ్డు మీద మొదటి హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే గట్టి మలుపు) దాటగానే లెక్క తిరగబడుతుంది. ర్యాలీ4 ముందు చక్రాలు గీరుకుంటూ పట్టు కోసం వెతుక్కునేలోపే ర్యాలీ3 నాలుగు చక్రాలతో నేలని తన్నుకుని వెళ్లిపోతుంది. రోడ్డు ఎంత పాడైతే తేడా అంత పెరుగుతుంది.

ఈ కారుని తయారుచేసేది ఫోర్డ్ ర్యాలీ కార్లు కట్టే బ్రిటన్ సంస్థ ఎం-స్పోర్ట్‌కి పోలండ్‌లో ఉన్న విభాగం. 2021లో వచ్చింది, ర్యాలీ3 తరగతిలో మొదటి కారు ఇదే. 2022 నుంచి జూనియర్ ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ మొత్తం దీనితోనే నడుస్తోంది. అందరికీ ఒకే కారు, ఒకే టైర్లు, కార్లు సిద్ధం చేసేదీ ఒకే సంస్థ. డ్రైవర్ వయసు 30 లోపు ఉండాలి. 1.5 లీటర్ మూడు సిలిండర్ల టర్బో ఇంజన్, సుమారు 215 హార్స్‌పవర్, ఐదు గేర్ల సీక్వెన్షియల్ గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకీ పవర్. మధ్యలో డిఫరెన్షియల్ (చక్రాలని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు, ముందొకటి వెనకొకటి ప్లేట్ల రకం డిఫరెన్షియల్స్ మాత్రమే. ఈ ఒక్క విషయమే కారు స్వభావాన్ని సగం నిర్ణయిస్తుంది, దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

ధర సంగతి. 2021లో ఈ కారు వచ్చినప్పుడు ర్యాలీ3 తరగతికి ఎఫ్‌ఐఏ పెట్టిన హద్దు 1,00,000 యూరోలు, అదీ తారు రోడ్డు కిట్‌తో ఉన్న కారుకి, పన్నులు కాకుండా. మట్టి రోడ్డుకి వేరే చక్రాలు, వేరే సస్పెన్షన్ సెట్టింగ్, కింద గట్టి గార్డులు కావాలి. ఐదు ర్యాలీలూ తిరిగే కారుకి ఆ హద్దు మొదటి మెట్టు మాత్రమే. జూనియర్ సిరీస్‌లో కారుని సంస్థే తెచ్చి నిలబెడుతుంది, డ్రైవర్ వచ్చి సీట్లో కూర్చుంటాడు. అయినా డ్యామేజీ బిల్లు డ్రైవర్ నెత్తినే పడుతుంది. సీజన్ బడ్జెట్ వేసేటప్పుడు చాలామంది మర్చిపోయేది ఈ పద్దునే. ఎంట్రీ, ప్యాకేజీ, ప్రయాణాలు, హోటళ్లు అన్నీ రాసుకుని, కనీసం ఒక పెద్ద దెబ్బకి సరిపడా డబ్బు పక్కన పెట్టకపోతే మూడో ర్యాలీకే కథ ఆగిపోతుంది.

నడకలోకి వద్దాం. ముందు చక్రాల కారు నుంచి వచ్చిన కుర్రాడు ఇందులో చేసే మొదటి తప్పు తొందరపడి యాక్సిలరేటర్ తొక్కడం. ర్యాలీ4లో మలుపు మధ్యలో పవర్ ఇస్తే ముందు చక్రాలే కారుని లోపలికి లాగుతాయి. ఇక్కడ మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరగాలని పట్టుబడతాయి. గట్టి మలుపులో ముందు చక్రాలు వెళ్లాల్సిన దూరం ఎక్కువ, వెనకవాటిది తక్కువ. ఆ పంతం వల్ల ముక్కు నేరుగా పోతానంటుంది. కారు తిరగకముందే పవర్ ఇస్తే నాలుగు చక్రాలూ కలిసి బయటి గట్టు వైపు తోసేస్తాయి.

ఎడమ హెయిర్‌పిన్ వస్తోందనుకోండి, మట్టి రోడ్డు, కొద్దిగా దిగువకి. కారు నేరుగా ఉండగానే గట్టిగా బ్రేకు, లివర్‌తో రెండో గేరు దాకా దిగాలి. స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టినా ఎడమ కాలు బ్రేకు మీద ఇంకా కొంచెం ఉండాలి, ఎందుకంటే బరువు ముందుంటేనే ముక్కు మాట వింటుంది. తోక కదలడం నడుముకి తెలిసిన క్షణంలో హ్యాండ్‌బ్రేక్ ఒక్కసారి చిన్నగా లాగి వదలాలి. ఎక్కువసేపు పట్టుకుంటే కారు అడ్డంగా ఆగిపోతుంది, ఇంజన్ చప్పుడు పడిపోతుంది, మళ్లీ టర్బో ఊపిరి తీసుకునేదాకా ఎదురుచూడటమే. ముక్కు బయటికెళ్లే దారి వైపు చూస్తున్నప్పుడు, అంతకంటే ఒక్క అర క్షణం కూడా ముందు కాకుండా, కుడికాలు పూర్తిగా దింపాలి. అప్పుడు చూడాలి ఈ కారు అందం. వెనక భాగం కిందికి కుంగి పరిగెడుతుంది, స్టీరింగ్ నేరుగా ఉంటుంది, రాళ్లు అడుగు గార్డుకి తగిలే చప్పుడు తప్ప గొడవుండదు.

ఇంజన్ చిన్నది కాబట్టి ఊపు పోతే తిరిగి రావడానికి టైం పడుతుంది. ర్యాలీ2 కారులో తప్పు చేసినా దాదాపు 290 హార్స్‌పవర్ ఆ తప్పుని కప్పేస్తుంది, ఇందులో కప్పేది ఏదీ లేదు. మధ్యరకం మలుపుల్లో రెండో గేరులో వెళ్తే చక్రాలు తిరిగి పట్టు పోతుంది, మూడోలో వెళ్తే ఇంజన్ మూలుగుతుంది. కొత్తవాళ్లు గేరింగ్ సరిగా లేదని ఫిర్యాదు చేసేది ఇక్కడే. నిజానికి మలుపులోకి ఇంకో నాలుగైదు కిలోమీటర్ల వేగం ఎక్కువ తీసుకెళ్తే మూడో గేరు చక్కగా సరిపోతుంది. ఎడమకాలి బ్రేకింగ్ రాని డ్రైవర్ ఈ కారులో సగం వేగమే చూస్తాడు, అందుకే సీజన్‌కి ముందు టెస్టింగ్ రోజులన్నీ దీని మీదే పెట్టడం మంచిది. సస్పెన్షన్ బిగింపు మార్చే క్లిక్కుల మీద మొదటి రోజే కూర్చోవడం దండగ.

ఇక సీజన్. 2024లో జూనియర్ క్యాలెండర్ స్వీడన్, క్రొయేషియా, సార్డినియా, ఫిన్లాండ్, గ్రీస్. 2025లో క్రొయేషియా, సార్డినియా పోయి పోర్చుగల్, సెంట్రల్ యూరోపియన్ ర్యాలీ చేరాయి. మంచు, తారు, వేగమైన మట్టి, రాళ్ల మట్టి అన్నీ ఒకే ఏడాదిలో, ఒకే కారుతో. ఈ సిరీస్‌లో అసలైన విలువ అదే అని నా లెక్క.

స్వీడన్ ర్యాలీ 2022 నుంచి ఉమెయో కేంద్రంగా జరుగుతోంది. ఇక్కడ ఎంత వేగంగా వెళ్లినా మేకుల టైర్లని కాపాడుకోకపోతే లాభం లేదు. 2024 దాకా వాడిన పిరెల్లీ మంచు టైరుకి 384 మేకులుండేవి. పవర్ ఎక్కువిచ్చి చక్రం ఖాళీగా తిప్పితే ఆ మేకులు ఊడిపోతాయి. అదే రోడ్డు మీద రెండోసారి నడిచే విడతలో మంచు అరిగి కింద కంకర తేలినచోట ఇంకా త్వరగా పోతాయి. అందుకే స్టేజీ (టైం లెక్కగట్టే రోడ్డు ముక్క) మొదట్లోనే గేరు ఒకటి ముందే మార్చేస్తూ, స్టీరింగ్ తక్కువ తిప్పుతూ వెళ్లేవాడు చివరి ఐదు కిలోమీటర్లలో సెకన్లు సంపాదిస్తాడు. మంచు గట్టుకి తోకని ఆనించి మలుపు తిరగడం చూడ్డానికి బాగుంటుంది. ముక్కు తగిలితే మాత్రం గట్టు కారుని లోపలికి పీల్చేస్తుంది. బయటపడినా గ్రిల్‌లో మంచు కూరుకుపోయి రేడియేటర్‌కి గాలి అందదు, ఇంజన్ వేడెక్కుతుంది. స్టేజీ అయ్యాక, తర్వాతి స్టేజీకి వెళ్లే లింక్ రోడ్డు మీద ఆపి చేత్తోనైనా మంచు తవ్వి తీయాలి. కారులో చిన్న పార తప్పనిసరి.

తారు ర్యాలీల్లో జూనియర్లకున్న పెద్ద ఇబ్బంది స్టార్టింగ్ ఆర్డర్. ర్యాలీ1, ర్యాలీ2 కార్లన్నీ వెళ్లిపోయాక వీళ్ల వంతు. ముందు వెళ్లినవాళ్లు మలుపు లోపలి అంచు కోసుకుంటూ వెళ్లి మట్టినంతా రోడ్డు మీదికి లాగి ఉంటారు. రెక్కీలో, అంటే పోటీకి ముందు రోడ్డు చూసి మలుపుల నోట్స్ రాసుకునేటప్పుడు, శుభ్రంగా కనబడిన మలుపు పోటీ టైంకి బురద పళ్లెంలా ఉంటుంది. రెక్కీలో స్టేజీ మీద రెండుసార్లే వెళ్లనిస్తారు కాబట్టి ఈ ఊహ అప్పుడే చేయాలి. లోపలి అంచు మెత్తగా ఉండి, కోయడానికి వీలుగా ఉన్న ప్రతి మలుపుకీ నోట్స్‌లో మట్టి వస్తుందని గుర్తు పెట్టుకోవాలి. వేగమైన ఎడమ మలుపు తర్వాత వెంటనే కుడి ఉంటే, మొదటిదాన్లో లాగిన మట్టి రెండోదాని బ్రేకింగ్ దగ్గర పడి ఉంటుంది. చాలా ప్రమాదాలు జరిగేది రెండోదాని దగ్గరే.

ఫిన్లాండ్‌లో కారు గురించి కంటే నోట్స్ గురించి ఎక్కువ మాట్లాడాలి. దిబ్బ మీద కారు ఎగిరేముందు బ్రేకు తొక్కితే ముక్కు కిందికి వంగి, ముందు చక్రాల మీదే దిగుతుంది. సస్పెన్షన్ అడుగుకంటా నొక్కుకుపోయి రేడియేటర్, ఇంజన్ అడుగున ఉండే సంప్ గార్డు నేలకి కొట్టుకుంటాయి. బ్రేకు ముందే అయిపోవాలి, ఎగిరేటప్పుడు కాలు కొద్దిగా పవర్ మీద ఉండాలి. దిబ్బ అవతల రోడ్డు ఏ వైపు తిరుగుతుందో నోట్స్‌లో సగం గజం తేడాగా ఉన్నా చెట్టే.

రాళ్ల ర్యాలీలు, ముఖ్యంగా గ్రీస్, ఈ కారు గట్టితనం తేల్చే చోటు. రెండో విడతకి రోడ్డులో లోతైన గాడులు పడి ఉంటాయి, ర్యాలీ1 కార్లు తవ్వి తీసిన రాళ్లు గాడి మధ్యలో పొంచి ఉంటాయి. గాడిలో పడ్డాక స్టీరింగ్‌తో పోరాడకూడదు. గాడి చెప్పినట్టే వెళ్లి, అది అయిపోయేచోట బయటికి రావాలి. మధ్యలో బలవంతంగా బయటికి లాగితే గాడి అంచుకి చక్రం తగిలి స్టీరింగ్ ఆర్మ్ వంగుతుంది, లేదంటే టైరు గోడ చీలుతుంది. జూనియర్ సీజన్‌లో తిన్నగా వెళ్తున్న కారు హఠాత్తుగా ఒక పక్కకి లాగడం మొదలైందంటే ముందు చూడాల్సింది ఇదే.

సర్వీస్‌లో (ర్యాలీ మధ్యలో కారు బాగుచేసే చోట) విప్పిన మట్టి టైరుని చేతిలోకి తీసుకుని ఒక్క నిమిషం చూస్తే ఇంజనీరు చెప్పాల్సినదంతా అదే చెబుతుంది. బయటి భుజం మీది రబ్బరు దిమ్మల అంచులు గుండ్రంగా అరిగి, పక్కకి ఈకలు లేచినట్టుంటే ముందు చక్రాలు జారుతున్నాయని, అంటే ముక్కు తిరగట్లేదని అర్థం. నడుమ భాగమే ఎక్కువ అరిగితే గాలి ఎక్కువైంది. దిమ్మల్లోంచి ముక్కలు ఊడిపడి ఉంటే రబ్బరు ఆ వేడికి మరీ మెత్తది. వెనక టైర్లే ముందువాటికంటే బాగా పోతే డ్రైవర్ తోక ఊపుతూ సరదా పడుతున్నాడు, గడియారం మాత్రం నవ్వట్లేదు. రాళ్లు ఎక్కువున్న స్టేజీకి ముందు ఒకటి రెండు పీఎస్‌ఐ గాలి పెంచడం మామూలే. పట్టు కొంచెం పోతుంది, టైరు గోడ రిమ్ముకి రాయికి మధ్య నలిగే ప్రమాదం తగ్గుతుంది.

పంక్చరు ఎలాగూ అవుతుంది. బాగా సాధన చేసిన జంట రెండు నిమిషాల్లో చక్రం మార్చేస్తారు, సాధన లేనివాళ్లకి అదే నాలుగైదు నిమిషాలు. కారు ఆగకముందే కో-డ్రైవర్ బెల్టులు విప్పుకోవాలనే ఆత్రం వద్దు, ఆగాకే విప్పాలి. చదునైన, వెనక వచ్చేవాళ్లకి కనబడే చోటు చూసి ఆపాలి. ట్రయాంగిల్ పెట్టి, మేం బాగానే ఉన్నామని చెప్పే ఓకే బోర్డు చూపించాక పని. డ్రైవర్ బ్యాటరీ గన్‌తో నట్లు వదులు చేస్తుంటే కో-డ్రైవర్ జాకీ పెట్టాలి. చక్రం పైకి లేచాక నట్లు పూర్తిగా తీయాలి, కొత్త చక్రం తొడిగి నట్లన్నీ ముందు చేత్తో పట్టించి, తర్వాతే గన్ వాడాలి. నేరుగా గన్ పెడితే నట్టు వంకరగా ఎక్కి దారం పోతుంది, దానితో ఆ రోజంతా పోతుంది. చెడిపోయిన చక్రాన్ని పట్టీతో గట్టిగా కట్టేయాలి. కారు లోపల ఎగిరే చక్రం రాయికంటే ప్రమాదం. స్టేజీ అయ్యాక నట్లు మరోసారి బిగించి చూడాలి.

పాయింట్ల లెక్క ముందే చేసుకోని కుర్రాడు వేగంతోనే ఛాంపియన్‌షిప్ వస్తుందనుకుంటాడు. 2024 దాకా గెలిస్తే 25, తర్వాత 18, 15, 12, 10. దీనికి తోడు స్టేజీ గెలిచిన ప్రతిసారీ ఒక పాయింటు. ఆ లెక్కన మూడు ర్యాలీలు గెలిచి రెండింటిలో బయటికి పోయినవాడికి 75, ఐదింటిలోనూ రెండో స్థానంలో నిలబడినవాడికి 90. స్టేజీ పాయింట్లు ఈ తేడాని పూడ్చొచ్చు, కానీ దాని మీదే ఆధారపడకూడదు. చివరి ర్యాలీకి రెట్టింపు పాయింట్లు పెట్టిన సీజన్లూ ఉన్నాయి, అప్పుడు చివరిదైన గ్రీస్‌లో గెలుపంటే 50. ఎన్ని ర్యాలీలు లెక్కలోకి వస్తాయి, చివరిదానికి రెట్టింపుందా లేదా అన్నది ఆ ఏటి నిబంధనల్లో మొదటి ర్యాలీకి ముందే చదువుకోవాలి. ఒకరోజు కారు ఆగిపోయినా మర్నాడు మళ్లీ మొదలుపెట్టొచ్చు. తప్పిపోయిన ఒక్కో స్టేజీకి పది నిమిషాలు కలుపుతారు. ర్యాలీ పోయినట్టే, కానీ స్టేజీ పాయింట్లు మిగిలే ఉంటాయి, రోడ్డు నేర్చుకోవడం కూడా.

టైం కంట్రోల్ (చెప్పిన నిమిషానికే చేరాల్సిన తనిఖీ చోటు) దగ్గర పోగొట్టుకునే సెకన్ల కంటే బాధ ఇంకోటి లేదు. ఒక నిమిషం ఆలస్యానికి 10 సెకన్లు, ఒక నిమిషం ముందెళ్తే ఏకంగా పూర్తి నిమిషం పెనాల్టీ. హడావుడిలో ముందే దూరేవాళ్లే ఎక్కువ. అనుభవమున్న కో-డ్రైవర్‌కి పెట్టే డబ్బు, ఈ కారులో ఏ భాగానికి పెట్టే డబ్బుకంటే బాగా తిరిగొస్తుందని నమ్మకంగా చెప్పొచ్చు. కుర్ర డ్రైవర్, కుర్ర కో-డ్రైవర్ కలిసి వెళ్లడం స్నేహానికి మంచిదే, మొదటి సీజన్‌కి కాదు.

కారులో నచ్చనివి కూడా ఉన్నాయి. గేరు మార్చేటప్పుడు లివర్‌ని సగం సగం లాగితే లోపలి పళ్ల అంచులు త్వరగా అరిగిపోతాయి. లివర్‌ని ఒకే ఊపులో తెగేసినట్టు లాగాలని ఎవరూ చెప్పకపోతే సీజన్ మధ్యలో గేరు తప్పిపోవడం మొదలవుతుంది. స్టార్ట్ లైన్ దగ్గర క్లచ్‌ని సగం తొక్కి ఉంచి నెమ్మదిగా వదిలేవాళ్లకి నాలుగు చక్రాల పట్టు శత్రువు. చక్రాలు జారవు కాబట్టి క్లచ్చే జారుతుంది, కాలిన వాసన స్టేజీలోపలికీ వస్తుంది. బరువు వల్ల పొడవాటి తారు దిగువ వాలుల్లో బ్రేకులు వేడెక్కుతాయి, పెడల్ మెత్తబడటం మొదలైతే ఒక మలుపు ముందునుంచే బ్రేకింగ్ దూరం పెంచాలి. ఇవన్నీ ధర హద్దులో కట్టిన కారుకి సహజం. ఆ హద్దులోనే ఇంత గట్టి కారు రావడం మెచ్చుకోవాల్సిన విషయం.

ఎవరు తీసుకోవాలి? ముందు చక్రాల ర్యాలీ4లో కనీసం ఒక సీజన్ పూర్తిగా తిరిగినవాళ్లు. ర్యాలీ5 నుంచి నేరుగా దూకితే నాలుగు చక్రాల పట్టు తప్పులన్నీ దాచేస్తుంది, అలవాటు చెడిపోతుంది. 2008లో సెబాస్టియన్ ఓజియే జూనియర్ టైటిల్ గెలిచింది రెండు చక్రాలకే పవర్ ఉన్న కారులోనే. 2021లో సామి పాయారీ గెలిచింది ర్యాలీ4 ఫియస్టాతో. అతను 2024లో డబ్ల్యూఆర్‌సీ2 (ప్రపంచ ర్యాలీలో ర్యాలీ2 కార్ల రెండో స్థాయి పోటీ) ఛాంపియనై ర్యాలీ1 దాకా వెళ్లాడు. ర్యాలీ3 వచ్చాక మొదటి టైటిల్ 2022లో ఎస్టోనియా కుర్రాడు రాబర్ట్ విర్వెస్‌ది, 2023లో విలియం క్రైటన్‌ది, 2024లో రోమెట్ యుర్గెన్‌సన్‌ది. యుర్గెన్‌సన్ ఎఫ్‌ఐఏ ర్యాలీ స్టార్ ఎంపికల నుంచి వచ్చినవాడు.

జూనియర్ సిరీస్ కాకుండా దేశీయ ఛాంపియన్‌షిప్‌లకైతే రెనో క్లియో ర్యాలీ3 కూడా ఉంది, చూసి పోల్చుకోవచ్చు. ఫియస్టా రోడ్డు కారు ఉత్పత్తి 2023 జూలైలో ఆగిపోయింది కాబట్టి వాడిన ర్యాలీ3 కొనేవాళ్లు బాడీ షెల్ విషయంలో రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. అమ్మేవాడు ఇంజన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెబుతాడు. మీరు అడగాల్సింది గేర్‌బాక్స్, డిఫరెన్షియల్స్ ఎన్ని స్టేజీ కిలోమీటర్ల కింద విప్పారో, దానికి కాగితాలేవి అని. అడుగు గార్డు విప్పించి దాని కింద షెల్ చూడండి. రోల్ కేజ్ (లోపలి ఇనుప గొట్టాల రక్షణ పంజరం) పాదాలు షెల్‌కి అతికే చోట రంగు పగిలిందా, కొత్త రంగు పూశారా గమనించండి. నాలుగు డాంపర్లు పైన షెల్‌కి బిగిసే చోట్ల టేపుతో కొలిచి ఎడమ కుడి పోల్చండి. ముందు తలుపులు రెండూ నెమ్మదిగా తోసి వదిలితే ఒకే చప్పుడుతో పడాలి. ఒకటి మాత్రం ఎత్తి పెట్టాల్సి వస్తే ఆ కారు ఎక్కడో పల్టీ కొట్టి ఉండొచ్చు, ధర ఎంత తగ్గించినా వదిలేయండి.